లాకు పుస్తకంలో వెనక వైపు

అక్టోబరు 6

తెనాలి నుంచి తమ్ముడు సుధాకర్ వచ్చాడు. బొమ్మిడాయిలు తెచ్చాడు. నాన్న పోయిన ఈ తొమ్మిది నెలల్లో సుధాకర్ ఈ ఇంటికి చేపలు తేవడం ఇదే మొదలు.

తిన్నాక సంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు. నాన్న ఉద్యోగం కారుణ్య నియామకం కింద వాడికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని. అన్నీ టైపు కొట్టి ఉన్నాయి. సంతకం చోటొక్కటే ఖాళీ.

"పెళ్ళైన ఆడపిల్లకి రాదక్కా. రూలు లేదు. ఇది ఊరికే ఫార్మాలిటీ."

రూలే లేనప్పుడు నా సంతకం ఎందుకు... అడగలేదు. కళ్ళజోడు కనపడట్లేదన్నాను. అది నా నెత్తి మీదే ఉంది. వాడూ చూశాడు.

అక్టోబరు 7

కాగితం ఇక్కడే వదిలి వెళ్ళాడు. ఈ పుస్తకంలోనే పెట్టాను.

ఇది నాన్న చిత్తు పుస్తకం. ఒక వైపు అంకెలు, వెనక వైపు ఖాళీ. ఆ ఖాళీలో రాస్తున్నాను. నాన్న కాలవ లాకు దగ్గర లస్కరు, తలుపులు ఎత్తి దించే పని. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కాలవ నీటిమట్టం చూసి ఇందులో రాయాలి, పైన సార్‌కి ఫోన్లో చెప్పాలి. చివరి రెండేళ్ళు కాళ్ళ వాపు, మంచం దిగలేదు. కట్ట మీదకి వెళ్ళింది నేను. రాసింది నేను. ఫోన్ మాత్రం ఆయన చేతికి ఇచ్చేదాన్ని. "మూడడుగుల నాలుగంగుళాలండి" అనేవాడు, కట్ట మీద నిలబడి చూసినట్టే.

అక్టోబరు 13

అమ్మ పెన్షన్ కాగితం కోసం బాపట్ల ఆఫీసుకి. గుమాస్తా పెద్దాయన. నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు.

"పేరేంటమ్మా?"

"ఎస్తేరండి."

"ఓహో. అభ్యంతరం లేదన్న అక్కగారు మీరేనా?"

"ఎవరన్నారండి?"

"మీ తమ్ముడే. కాగితం తెస్తానని వెళ్ళి నెలైంది."

పెళ్ళైనవాళ్ళకి రాదు కదండి, అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "అదేం మాటమ్మా. కొడుకుని పెళ్ళైందా అని అడిగి పక్కన పెడుతున్నామా? కూతుర్ని మాత్రం ఎలా పెడతాం? అది సమానత్వం కాదని కోర్టులే చెప్పాయి. తండ్రి మీద ఆధారపడి బతికారా లేదా, అదే చూసేది. మీ తమ్ముడికీ చెప్పానే ఈ సంగతి!"

అమ్మ గోడ మీది క్యాలెండరు చూస్తోంది. అమ్మకి చూడ్డానికి అందులో బొమ్మ కూడా లేదు.

తిరుగు బస్సు పిట్టలవానిపాలెం దాటాక అమ్మని అడిగాను, నీకు తెలుసా అని.

"ఈ ఏడు చేలు బాగున్నయ్యే" అంది.

అక్టోబరు 14

ఆధారపడ్డట్టు రుజువు కావాలట. ముందు చూసేది బియ్యం కార్డు.

నా పేరు అంగలకుదురులో, అత్తగారి కార్డులో ఉంది. మా ఆయన ఇంకో ఇల్లు పెట్టుకుని ఆరేళ్ళు. నేను ఇక్కడికి వచ్చీ ఆరేళ్ళే. పేరు తీయిస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "పేరు అక్కడుంటే కాపురం ఉన్నట్టేనే. చర్చిలో ఎవరన్నా అడిగితే ఏం చెప్తాం?"

సుధాకర్‌కి తెనాలిలో సెల్‌ఫోన్ల షాపు, భార్య, ఇద్దరు పిల్లలు. పేరు మాత్రం ఇక్కడ, రేపల్లెలో, నాన్న కార్డులో. ఆసుపత్రిలో ఉచిత వైద్యానికి పనికొస్తుందని తీయించలేదు.

కాగితం చూసేవాడికి వాడు తండ్రి చాటు బిడ్డ. నేను అంగలకుదురు కోడలిని.

అక్టోబరు 20

నేను ఇక్కడే ఉన్నానని చెప్పగలిగేవి ఈ పుస్తకాలే. మొత్తం ఏడు. రెండేళ్ళ పొద్దులూ సాయంత్రాలూ. అన్నీ నా చేతిరాతే.

చూపిస్తే నేను ఉన్నట్టు తేలుతుంది. నాన్న డ్యూటీలో లేనట్టూ తేలుతుంది.

అక్టోబరు 23

బాపట్ల. ఒక్కదాన్నే. ఉద్యోగం నాకిమ్మని దరఖాస్తు ఇచ్చాను. అమ్మకి కూడా చెప్పలేదు.

అక్టోబరు 24

మరదలు ఫోన్. పలకరింపు కూడా లేదు.

"ఏంటి వదినా, నిన్న బాపట్లలో ఎండ బాగా కాసిందా?"

ఎవరు చెప్పారు? గుమాస్తానా? నెమ్మదస్తుడని రాశాను ఆయన్ని. ఆ మాట కొట్టెయ్యాలి.

నవంబరు 2

ఆదివారం. తమ్ముడు మా చర్చికే వచ్చాడు. వచ్చి మగవాళ్ళ వరసలో నా వైపు చివర కూర్చున్నాడు. ప్రార్థనలో కళ్ళు తెరిచి చూశాను. వాడూ తెరిచే ఉన్నాడు.

బయటికి వచ్చాక — "ఉద్యోగం వస్తే నిన్నూ అమ్మనీ వదిలేస్తానా అక్కా?"

"ఇప్పుడు పట్టుకుని ఉన్నావా?"

నవ్వాడు. "లాయరు చదవాల్సిందే నువ్వు." చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు — "ఆ లాకు పుస్తకాలు నాకిచ్చెయ్యి. మా ఇంట్లో జాగ్రత్తగా ఉంటాయి."

పుస్తకాల సంగతి నేను వాడికి చెప్పలేదు. వాటిలో రాత ఎవరిదో తెలిసినవాళ్ళం ముగ్గురం. నాన్న, నేను, అమ్మ.

నవంబరు 3

అమ్మ వంకాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా — "మీ నాన్న పనిలోకి పోలేదని తెలిస్తే నా పెన్షన్ ఆపేస్తారంట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు చెప్తారు."

"నిజమని నమ్మావా?"

"చచ్చినోణ్ణి దొంగని చెయ్యమాకే."

నిజంగా ఆపుతారో లేదో నాకూ తెలియదు. అడిగితే అడిగినందుకే అనుమానం వస్తుంది.

నవంబరు 5

తమ్ముడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అమ్మ మీద ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు. ఇద్దరం ఒకే గిన్నెలో వండుకుంటున్నాం.

నవంబరు 8

కబురు వచ్చింది. సోమవారం పదింటికి వీఆర్వో గారు విచారణకి వస్తారు. నాన్న దగ్గర ఎవరు ఉన్నారో, ఎవరిని ఆయన పోషించాడో ఇంటికొచ్చి అడుగుతారట. మా ఇద్దరి దరఖాస్తులూ ఆయన చేతిలోనే ఉంటాయి.

నవంబరు 9

మోకాళ్ళ నొప్పులని అమ్మ చర్చికి రాలేదు.

తిరిగి వచ్చేసరికి పెరట్లో నీళ్ళపొయ్యి మండుతోంది. ఇద్దరం పొద్దున్నే తలంట్లు పోసుకున్నాం. మళ్ళీ నీళ్ళెందుకు?

"చెదలు పట్టినయ్యే ఆ పుస్తకాలకి. గోడంతా పాకుతున్నయ్యి."

బూడిద కదిపి చూశాను. ఒక అట్ట మూల మిగిలింది. చెద తిన్న గుర్తు లేదు.

నీళ్ళు కాగినయ్యి, కాళ్ళకి పోసుకో, నడిచొచ్చావుగా అంది అమ్మ. పోసుకున్నాను.

ఆరు పోయాయి. ఇదొక్కటి బైబిలు సంచిలో నాతో చర్చికి వచ్చింది కాబట్టి ఉంది. ఒక వైపు నా అంకెలు, పోయిన ఏడాది అక్టోబరు నుంచి నాన్న పోయిన రోజు దాకా. వెనక వైపు ఈ రాతంతా. చింపితే రెండూ పోతాయి. ఇస్తే రెండూ చదువుతారు... నాన్న మంచం, అమ్మ పొయ్యి, అన్నీ.

నవంబరు 10

పొద్దున ఆరింటికి కట్ట మీదకి వెళ్ళాను. పని లేదు, అలవాటు. మూడడుగుల రెండంగుళాలు.

తొమ్మిదింటికి తమ్ముడు దిగాడు. ఇవాళ చేపలు లేవు. ఇస్త్రీ చొక్కా. పక్కింటి నుంచి తనే కుర్చీ తెచ్చి వేశాడు.

"సంతకం పెట్టావా అక్కా?" అన్నాడు. చూస్తున్నానన్నాను. స్టాంపు కాగితం ఇంకా ఈ పేజీల మధ్యే ఉంది.

తొమ్మిదిన్నర. వంటగదిలో నిలబడి, పుస్తకం సంచిలోంచి సగమే తీసి రాస్తున్నాను. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సంచి ఏంటే అంది.

బైబిలు అన్నాను.

అయితే ఇటియ్యి, సారొచ్చేలోపు ఒక కీర్తన చదువుకుంటా అంటోంది. చెయ్యి చాపే ఉంది.

అమ్మకి చదువు రాదు.