పులికి చేరగిలబడ్డ కోతి

నర్సింగం,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకానికి రమ్మని మీవాళ్లు కబురు పంపారు. వెళ్లలేదు. బతికుండగా నిన్ను పలకరించని వాళ్లంతా అక్కడ నీ మంచితనం గురించి మాట్లాడుతుంటారు. వాళ్ల పక్కన కూర్చుని తినడం నా వల్ల కాదు.

అదీగాక, ఇక్కడ మన తగాదా తేలింది. కోతుల బెడద పోతుందని వేములవాడలో పులిబొమ్మ కొని, నా మిద్దె పిట్టగోడకు నువ్వే కట్టావు. "బొమ్మేదో పులేదో కోతికి తెల్వదా?" అని నేనంటే, "నీ లెక్క అవేమన్న పుస్తకాలు చదివినయారా" అన్నావు. చివరిదాకా దాని మీద వాదించుకుంటూనే ఉన్నాం.

ఈ పొద్దున మిద్దె ఎక్కి చూస్తే ఒక తల్లికోతి ఆ పులికి చేరగిలబడి కూర్చుంది. పిల్లేమో పులి చెవి పట్టుకుని ఊగుతోంది. తల్లి తాపీగా పులి వీపులో పేలు వెతుకుతోంది.

నేను గెలిచాను. ఒప్పుకోవడానికి నువ్వు లేవు.

పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న లచ్చవ్వ అది చూసి ఒకటే నవ్వింది.

"సారూ, గా బొమ్మను తీసి పారెయ్యరాదు. కోతులు దానితోని సంసారం చేస్తున్నయ్."

"ఎండకు చారలు వెలిసినయ్ గంతే. జర నల్లరంగు వేస్తే మల్ల భయపడ్తయ్" అన్నాను.

"అంత సదువుకొని గిట్ల మాట్లాడ్తరేంది సారూ?"

నువ్వుంటే ఏమేం అనేవాడివో అన్నీ అన్నాను. సగంలోనే లచ్చవ్వ ఖాళీ బకెట్ తీసుకుని కిందికి వెళ్లిపోయింది.