గడ్డి గులాబీ రంగుకు తిరిగిన ఆట

ఏమే మనవరాలా,

నేను మీ పిన్ని ఇంటికి వెళ్తున్నాను. సాయంత్రం వచ్చి కంప్యూటర్లోంచి తాతయ్య ఆటను తుడిచేస్తానన్నావుగా, ఆ పని చెయ్యకు. అది పాడవలేదు. పాత ఆటల్ని నడిపించే ఆ ఎమ్యులేటర్ సెట్టింగుల్లో రంగుల సంఖ్య దగ్గర 256 పెట్టాను, గులాబీ గడ్డి మళ్లీ పచ్చబడింది. మీ తాతయ్య ఆట తెరిచే ముందు ప్రతిసారీ అదే అంకె పెట్టేవారు. పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ చూసినదాన్ని.

నువ్వేమో కేబుల్ మూడుసార్లు మార్చి, మానిటర్‌ని తిట్టి, "పాత చెత్త అమ్మమ్మా" అనేశావు. ఆడలేక మద్దెల ఓడందట! ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసే మొనగత్తెవి, నన్నొక్క మాట అడిగితే అరిగిపోతావా?

అమ్మమ్మ

అన్నట్టు, ఆయన సగంలో ఆపిన ఆట అందులోనే ఉంది. పడవ నది మధ్యలో నిలిచి ఉంది. దాన్ని ఒడ్డుకు చేర్చే తెలివితేటలు మాత్రం నా దగ్గర చూపించకు.