గాండర్ నెల

కమ్మింగ్, జార్జియా
2009 నవంబరు 14

ఆడపిల్ల పుట్టిందే కనకదుర్గా! మన రేణుకి బంగారుబొమ్మ లాంటి ఆడపిల్ల!

సౌభాగ్యవతి కనకదుర్గకు నీ భర్త అంజయ్య దీవించి వ్రాయునది. ఈ ముక్క ముందు రాయాలి గానీ సంతోషం ఆగలేదు. తల్లీబిడ్డా క్షేమం. ఆష్‌బర్న్‌లో వాళ్లింట్లో నీ క్షేమం అబ్బాయి కృష్ణమోహన్ చెబుతున్నాడు. నేను ఫోన్ చేస్తే మాత్రం నువ్వు ఎత్తవు. అందుకే ఉత్తరం. దీన్ని కట్ చేయలేవు గదా!

ఇక నా కోపం విను.

తొలికాన్పు. కన్నకూతురు. విమానమెక్కితే రెండు గంటలు. తెల్లవాణ్ణి చేసుకుందని ఏడాదిగా దానితో మాట మానేశావు. మనవాళ్లకి పెళ్లి మాటే చెప్పకుండా ఇంకా చదువుతోందని బొంకావు. ఇప్పుడీ పసిగుడ్డు కూడా చదువుతోందని చెబుతావా? రమ్మని బతిమాలితే ఏమన్నావు? వాళ్లకి పురుడూ పథ్యం ఏం తెలుసు, మర్నాడే బాలింతకి ఐసు నీళ్లిచ్చి లేపి తిప్పుతారు, ఆ ఘోరం చూడలేనన్నావు.

ఇక్కడ అల్లుడు వెస్లీ నాయనమ్మ హ్యాటీ గారు కొండల్లోని తన ఊరి నుంచి వచ్చి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. రేణు చేత చెంచా కడగనివ్వదు, చన్నీళ్లు ముట్టనివ్వదు, తలకి గుడ్డ తీయనివ్వదు. వెస్లీ బట్టలుతికి, గిన్నెలు తోమి, ఏమీ తోచక వరండాలో పచార్లు చేస్తుంటే, గాండర్ మంత్, గాండర్ మంత్ అని మనవణ్ణి వేళాకోళం చేస్తుంది. అదేం మాటని రేణు చేత అడిగించాను. గాండర్ అంటే మగబాతట. ఆడది గుడ్ల మీద కూర్చున్నన్నాళ్లూ దిక్కు తోచక చుట్టూ తిరుగుతుందట. అందుకని బాలింత మంచం దిగని నెలకి ఆ పేరు. మీ ఆయన గాండర్ నెలలో ఉన్నాడా అంటే, మీ ఇంట్లో పురుడా అని అడిగినట్టు. ఎప్పుడో ఇంగ్లండు పల్లెల్లో అనుకున్న మాటట, ఆవిడ వాళ్ల నాయనమ్మ దగ్గర విన్నది. ఇప్పుడు ఆవిడ కొడుకులకే తెలీదు. వెస్లీ కంప్యూటర్‌లో వెతికి, నిజమేనని నోరు వెళ్లబెట్టాడు.

పురుడే ఎరగని వాళ్లకి పురిటి నెలకో పేరెందుకే? ఆ మాట అనేవాళ్లు పోయారు, అయినా ముసలావిడ మంచం పక్కనుంచి కదలలేదు. మన పురుడు నిక్షేపంలా ఉంది, నువ్వు గడప దాటలేదు!

నీకంటే కోడలు రాధారాణి నయం. బాలింతకని సీసాడు కాయం మందు చేసి పంపింది. హ్యాటీ గారు చెంచాడు నోట్లో వేసుకుని, మొహమంతా చిట్లించి, ఇంకో చెంచా అడిగింది. పరాయి పిల్లకున్న పాటి ప్రేమ కన్నతల్లికి లేకపోయింది.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం బిడ్డని ఉయ్యాల్లో వేయాలి. అమ్మమ్మ రాకపోతే హ్యాటీ గారే వేస్తుంది. నేనే వేయమంటాను. ఏం చేసుకుంటావో చేసుకో.

ఇట్లు,
నీ మీద మండిపడుతున్న నీ భర్త
అంజయ్య

తా.క.: కాయం సంగతి కావాలనే అట్లా రాశాను. రాధారాణి చేసిందని అబ్బాయి చేత చెప్పించావు. ఆ పిల్లకి పిప్పలి ఏదో మిరియం ఏదో తెలుసా? సీసాకి వాసెన కట్టిన గుడ్డ నీ నీలం వాయిల్ చీరది. నాకంటే ముందు రేణు గుర్తుపట్టింది. దాన్ని విప్పి దిండు కింద పెట్టుకుంది.

బిడ్డ పుట్టిన కబురు మనవాళ్లెవరికీ నేను చెప్పలేదు. బొంకిన నోటితో నువ్వే చెప్పాలి, అల్లుడి పేరుతో సహా. మా అక్కయ్య ధనమ్మకి. మీ అన్నయ్య విశ్వనాథానికి. తెనాలి పిన్నికి. నువ్వు హడలిపోయే మీ పెద్దొదినకి. వీళ్లందరికంటే ముందు రేణుకి. నువ్వు అమ్మమ్మవయ్యావని దానికింకా ఎవరూ చెప్పలేదు.