పన్నెండో అభ్యంతరం

వాహన తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వారి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బండికి తమరు ఇప్పటివరకు రాసిన పదకొండు అభ్యంతరములకు తోడు ఇంకొకటి రాసి పుణ్యం కట్టుకొనుట గురించి.

ఈ దిగువ సంతకం చేసిన నేను, లారీలు తూచే కాటా గుమాస్తా భార్యను, విన్నవించుకొనునది ఏమనగా:

1. నాలుగేళ్ల క్రితం మా అత్తగారు సముద్రం చూడాలని ఉందన్నారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. మా వారు ఆ వారమే పాత పికప్ కొన్నారు. బస్సులో వెళ్లిరావచ్చని నేను మనవి చేయగా, "బస్సులో గుడారం వేసుకోగలమా?" అని సెలవిచ్చారు.

2. నాటినుండి సదరు బండి ఎత్తు పెరిగినది. నెత్తిన మడత గుడారం, పక్కన నిచ్చెన వెలిసినవి. ఏరు దాటేటప్పుడు ఇంజన్ మునగకుండా గాలి పీల్చుకునే గొట్టం కూడా అమర్చబడినది. మా వీధిలో ఏరు లేదు. కుళాయి నీళ్లే రోజు విడిచి రోజు వస్తాయి.

3. మా గ్యాస్ పొయ్యి, కుక్కరు బండి వెనక సొరుగులోకి బదిలీ అయినవి. అన్నం వండాలంటే నేను వీధిలోకి వెళ్లాలి. పక్కింటి దర్జీ భార్య రోజూ పలకరిస్తుంది: "ఏం వదినా, ఎందాకా వచ్చింది ప్రయాణం?" గుమ్మం దాకా వచ్చిందని చెబుతున్నాను.

4. లైట్లు ఎక్కువన్నారు తమరు, మా వారు తీసేశారు. టైర్లు బయటికొచ్చాయన్నారు, మార్చేశారు. తమరు రాసిన ఏ అభ్యంతరమూ మా ఇంట్లో వారం దాటి బతకలేదు. పదిహేడేళ్లుగా నేను చెబుతున్న వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. నా మాటకు ముద్ర లేకపోవడమే లోపమని ఈ మధ్యనే గ్రహించాను.

5. ఇక అసలు సంగతి. బరువు పరిమితి మించినది, తగ్గించుకుని రావలెనని తమరు పదకొండో అభ్యంతరం రాశారు. మా వారు రోజంతా లారీల బరువు చూసే మనిషి గనుక క్షణంలో లెక్క తేల్చి, వెనక సీటు ఊడదీసి ఇంట్లో పెట్టారు. దాని పక్కనే బిగించిన బ్యాటరీ ఫ్రిజ్ మాత్రం ఉన్నట్టే ఉంది. తమరు సంతోషించి, "ఇద్దరు ప్రయాణికులు" అని రాసి ముద్ర వేశారు.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అంటారు. మా వారు పిల్లిని ఎక్కించుకుని పెళ్లికూతుర్ని దింపేశారు.

"అత్తయ్య ఎక్కడ కూర్చుంటారండీ?" అని అడిగాను. స్పానర్ పట్టుకుని బండిలోకి తొంగిచూశారు. మరిచిపోయారని ముఖమే చెప్పింది. "ఆఫీసరు గారు పాస్ చేశారు కదే," అన్నారు.

6. అత్తగారికి ఒక కన్ను ఇప్పటికే మసక. రెండోది ఈ ఏడాది దాటడం కష్టమని కళ్ల డాక్టరు చెప్పాడు. ఈ మాట రాస్తుంటే నాకు వెటకారం రావడం లేదు. మన్నించాలి.

కావున అయ్యగారు ఆ బండిని మళ్లీ పిలిపించి, "వాహన యజమాని తల్లి కూర్చొనుటకు సీటు లేదు. ఫ్రిజ్ తొలగించి సీటు బిగించవలెను" అని ఒక్క వాక్యం రాసి, గట్టిగా ముద్ర గుద్దవలెను. ఇలాంటి నిబంధన లేదంటారేమో. నిచ్చెన మెట్ల మధ్య దూరానికే నిబంధన వెతికిన తమకు ఇది ఒక లెక్కా?

పదకొండు సార్లు మా వారి మనవి ఆలకించినవారు, ఇంటిదాని మనవి ఒక్కసారి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కాటా గుమాస్తా భార్య

తా.క.: ఇది చదివి వినిపిస్తే అత్తయ్య ఏమన్నారంటే, "వాణ్ణి మరీ అంత ఎండగట్టకే. ఆ ఫ్రిజ్ మీద బొంత పరిస్తే నేనే కూర్చుంటా. కూర్చోవచ్చో లేదో ఆ ఆఫీసరు గారినే అడుగు."

అడగనండీ. దానికి బదులు, నిన్న ఆవిణ్ణి బియ్యం కొట్టు కాటా మీద నిలబెట్టాను. ముప్పై తొమ్మిది కిలోలు. సీటు నలభై. బ్యాటరీతో కలిపి ఫ్రిజ్ ఎనభై అని మా వారి పుస్తకంలోనే ఉంది. అది దింపి ఈవిణ్ణి ఎక్కిస్తే తమ పరిమితిలో ఇంకా ఒక కిలో మిగులుతుంది. అందులో తన కళ్లజోడు పెట్టుకుంటానంటున్నారు అత్తయ్య.