లైను బంద్ ఉంది

సంతపూర్, జూన్ 1993

ప్రియమైన రాహేలక్కకు,

వందనాలు. బీదర్ నుంచి ఔరాద్ దాకా పూడ్చిన గాజు తీగకు నేను అతుకులు వేస్తున్నాను. తల వెంట్రుకంత సన్నం అక్కా! ఫోనులో మన మాటలు అందులో వెలుగై పరుగెత్తుతాయట. అతుకులో కాస్త దుమ్ము పడితే చాలు, మాట మసకబారుతుంది. అందుకే స్పిరిట్‌తో తుడిచి, భూతద్దం కంటికి ఆనించి కొసను పరీక్షిస్తాను. వెలుగు నడుస్తుండగా మాత్రం చూడకూడదు. అది కంటికి కనబడదట, కానీ కన్నును కాల్చేస్తుందట! అదేం వెలుగో, ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

నీ తమ్ముడు
జీవరాజ్

బీదర్

ప్రియమైన జీవాకు,

ప్రాణం కొట్టుకుంటే కొట్టుకోనీ, కళ్లతో ఆటలొద్దు. ఆ వెలుగును పంపే మిషను ఇక్కడ ఎక్స్‌చేంజిలో నా కుర్చీకి ఎదురుగానే ఉంది. మంట లేదు, చప్పుడు లేదు. రోజూ చూస్తున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. తీగ తెగితే ముందు నాకు ఫోను చెయ్యి. మిషను ఆపించాకే ముట్టుకో.

మీ అక్క
రాహేలు

బీదర్

జీవా, నా తండ్రీ,

గడ్డపార తగిలి తీగ తెగిందని ఆ రోజు కాశీబాయి కొట్టు నుంచి పాత రాగి తీగ లైనులో ఫోను చేసి, "అక్కా, లైను బంద్ ఉందా?" అన్నావు. "బంద్ ఉందిరా" అన్నాను. జనం మాటలు ఆగిపోయాయని నా ఉద్దేశం. మిషను ఇంకా నడుస్తూనే ఉంది! నువ్వడిగింది మిషను సంగతేమోనని నువ్వు ఫోను పెట్టేశాక నాకు తట్టింది. మళ్లీ చేసి, "ఉరుకమ్మా, వాణ్ని ఆపు" అని కాశీబాయిని పంపాను. అంతలో ఆ లైనూ పోయింది, ఇంకా రాలేదు. ఇంజినీరును పిలిపించి మిషను ఆపించేసరికి గంట పట్టింది. మర్నాటికి గాజు తీగలో మాటలు మొదలయ్యాయి. అతుకు వేసింది నువ్వో, నీ బదులు వచ్చిన మరొకరో ఇక్కడెవరికీ తెలియదు. ఈ ఉత్తరం నువ్వే చదువుకుంటున్నావా, ఎవరైనా చదివి వినిపిస్తున్నారా? ఆ ఒక్క ముక్క రాయించు నాయనా.

అన్నం సయించని
మీ అక్క

సంతపూర్

ప్రియమైన అక్కకు,

నేనే చదివాను, నా రెండు కళ్లతో. నువ్వు బంద్ అన్నది మిషనేనని నమ్మి భూతద్దం కంటి దాకా లేపాను. "జీవరాజన్నా, ఆగు! చూడకు! మీ అక్క ఫోన్ల ఏడుస్తాంది!" అని అరుచుకుంటూ కాశీబాయి గట్టు మీద నుంచి ఉరికొచ్చింది. చేతిలో కొస చీకటిగానే ఉంది. నమ్మలేక దాన్ని వెలుగును కొలిచే మీటరుకు పెట్టాను. ముల్లు ఒక్కసారిగా చివరి దాకా ఒరిగింది. పట్టపగలు, చేను మధ్య, నా వేళ్ల సందున అంత వెలుగు ఉంది అక్కా, నాకు చుక్కంతైనా కనబడలేదు! అక్కడే మోకరించి ప్రార్థన చేశాను. ముల్లు సున్నాకు పడి, నువ్వు మిషను ఆపించావని తెలిశాక అతుకు నేనే వేశాను. నీకు రాద్దామని కూచుంటే మాత్రం ఒక్క అక్షరం రాలేదు.

ఆ వెలుగును చూడాలన్న ఆశ తీరిపోయింది. నిన్ను చూడాలని ఉంది. ఆదివారం బస్సుకు వస్తున్నాను.

నీ
జీవా