ఇంతకీ ఆ ముసలోడు ఎవరు?

పై వాటా అమ్మగారికి,

కింది వాటా గడియారాల రిపేరువాడు మండిపడుతూ రాస్తున్నది.

పొద్దున లేస్తే మీ నోటికి తాళం లేదు. ‘దుంపలు కడుగుతున్నా, ఇదిగో తొక్క తీస్తున్నా’ అని లోకమంతటికీ చాటింపు ఎందుకండీ? ఓర్చుకున్నాను. నిన్న మరీ, ‘ఒరేయ్ ముసలోడా! ఉన్నవి నాలుగు పళ్ళు, నెత్తిన నాలుగు వెంట్రుకలు, నీకెందుకురా అంత కోపం?’ అన్నారు. నా చెవులతో విన్నాను. నా పళ్ళ లెక్క మీకెవరు చెప్పారు?

ఇట్లు,
కింది వాటా

తా.క. నాలుగు కాదు, ఆరు.

*

కింది వాటా పెద్దాయనకు,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు.

నేనన్నది మా అబ్బాయిని! ఏడాదిన్నర దాటినా వాడు ‘అమ్మా’ అని కూడా అనడు. తోటి పిల్లలు అప్పుడే కబుర్లు చెబుతున్నారు. వాడి చెవులు బాగానే ఉన్నాయి, చేసే ప్రతి పనీ వాడికి చెబుతూ చెయ్యి, ‘ఊ’ అన్నా మాటేననుకుని జవాబివ్వు అంది డాక్టరమ్మ. అందుకే దుంపతో మొదలుపెట్టి సాక్సు దాకా వాగుతున్నాను. నాలుక పిడచకట్టుకుపోతోంది. మీరేమో కర్రతో పైకప్పును రెండు పోట్లు పొడిచి ‘ఇంక చాలు!’ అని అరుస్తారు. గుమ్మడికాయల దొంగంటే మీరెందుకు భుజాలు తడుముకోవడం?

ఇట్లు,
ముసలోడి తల్లి

తా.క. మావాడికి ఐదో పన్ను వస్తోంది. కాచుకోండి.

*

ముసలోడి తల్లికి,

ఇదేం కక్షమ్మా? పిల్లాడి సంగతి ముందే చెబితే కర్ర ముట్టుకునేవాణ్ణా? తెలిశాక దాన్ని మూల పెట్టేశాను. నిన్న నువ్వేం చేశావు? ‘ఒక సాక్సు దొరికింది, రెండోది మంచం కింద చూద్దామా’ అన్నావు. అంతలో నా నెత్తిన ఠప్ ఠప్‌మని నేల బాదావు. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. కోపముంటే నన్ను తిట్టు, పసివాడికి మాటలు ఆపుతావా? తల్లివేనా?

ఇట్లు,
కింది వాటా

తా.క. సాక్సు దొరికిందా లేదా? చేతిలో పని సాగి చావడం లేదు.

*

పెద్దాయనా,

మిమ్మల్ని ఏమన్నా పాపం లేదు.

బాదింది నేను కాదు. నేను మంచం కింద దూరి వాగుతుంటే, మావాడు వెనక నుంచి గరిటెతో నేలను రెండుసార్లు బాది, మొహం చిట్లించి, ‘ఇంక చాలు!’ అన్నాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. అచ్చం మీ విసురే! మంచం కిందే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కన్నది నేను, గొంతు చించుకున్నది నేను, మొదటి మాట మీదా? ఇప్పుడు పాలిస్తే ‘ఇంక చాలు’, వాళ్ళ నాన్న ముద్దు పెడితే ‘ఇంక చాలు’. ఒళ్ళు మండిపోతోంది. చేసిన పాపం మీరే కడుక్కోవాలి.

ఇట్లు,
ఓడిపోయిన తల్లి

తా.క. సాక్సు ఆ తర్వాత వాడి నోట్లో దొరికింది. రేపు మళ్ళీ కర్ర తీయండి. రెండు పోట్లు పొడిచి, ఈసారి ‘అమ్మా!’ అని అరవండి. నేను పలుకుతాను.