అత్తయ్య వదిలేసిన పండు

మే 11

ఇవాళ కూడా అత్తయ్యకి అన్నం లోపలికి పోలేదు. మెత్తగా పిసికి, పాలు కలిపి, చెంచాతో పెట్టాను. దవడలో పెట్టుకుని అలాగే కూర్చుంది. పది నిమిషాల తర్వాత నా అరచేతిలోకి ఉమ్మేసింది. కోపంగా కూడా లేదు. "చాల్లే అమ్మడూ..." అంది.

నన్ను పెంచిన మేనత్త. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. నాలుగు రోజుల్లో లోపలికి వెళ్ళింది మహా అయితే ఒక గ్లాసు మజ్జిగ.

మే 12

డాక్టరు ఇంటికొచ్చి చూశారు. గొంతులో లోపం లేదట, మింగగలదట. "తినాలనిపించట్లేదండీ, అంతే. శనివారం పదింటికి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేసేద్దాం."

వేసేద్దాం. గోడకి మేకు వేసినట్టు.

ఎడమవైపు పడిపోయిన కొత్తలో, మాట ఇంకా నిలకడగా ఉన్నప్పుడు, నా చెయ్యి పట్టుకుని అడిగింది — "గొట్టాలు మాత్రం పెట్టించకే." సరేనన్నాను. ఆ రోజు సరేననడానికి ఏం పోయింది నాకు.

మే 13

పొద్దుట్నుంచి కరెంటు వస్తోంది, పోతోంది. కిటికీలు తెరిస్తే బెంజ్ సర్కిల్ హారన్లన్నీ ఇంట్లోనే. మూస్తే ఉక్క.

ఇడ్లీ, జావ, సేమ్యా పాయసం, కొబ్బరినీళ్ళు. అన్నిటికీ మొహం తిప్పుకుంది. చివరికి అరిచాను. "నన్ను చంపడానికే చేస్తున్నావా?" అన్నాను, ఆవిడని. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చి వచ్చాను. కళ్ళెర్రగా ఉండటం చూసి, మంచి చెయ్యి వెనక్కి తిప్పి నా నుదుటి మీద పెట్టింది. జ్వరమేమోనని. చిన్నప్పటి నుంచీ ఇదే. కాలేజీలో పాఠాలు చెప్పే వయసొచ్చినా గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు నుదురు చూసేది. నేను విసుక్కునేదాన్ని.

సాయంత్రం ఉన్నట్టుండి అంది — "చిన్నరసం పండు పెట్టవే."

ఎగిరి గంతెయ్యాలి. వినపడనట్టు గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మే 14

మళ్ళీ అడిగింది. మూడుసార్లు.

కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక కాయా ఒక పండూ వదిలేసి వస్తారు. మా వాళ్ళంతా తెలివిగలవాళ్ళు, ఇష్టంలేనివి చూసి వదిలేస్తారు. బాబాయి సీతాఫలం వదిలేశాడు, అసలే అది తింటే ఆయనకి పడిశం పట్టేది. అత్తయ్య ఒక్కతే మామిడిపండు వదిలేసి వచ్చింది. నలభై ఏళ్ళు. అదీ పక్కనే నూజివీడు పెట్టుకుని.

మే వస్తే గంపెడు తెప్పించేది. తను ముట్టేది కాదు. ఒక్కొక్క పండూ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అమ్మడికి" అని అన్నిట్లోకి తియ్యనిది నాకు తీసి పెట్టేది. ఎప్పుడూ తప్పలేదు. డాబా మీద చాప పరిచి తాండ్ర పోసేది, పొర మీద పొర. మోచేతుల దాకా రసం. ఒక్క వేలు నాకడం చూడలేదు. కుళాయి దగ్గర సబ్బుతో కడిగేసుకునేది.

పెళ్ళైన రెండేళ్ళకే పోయిన మావయ్య కోసం వదిలిందనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. అడగొచ్చు కదా, ఇన్నేళ్ళలో.

మే 15

అన్నయ్యకి ఫోన్ చేశాను, గన్నవరం. పెట్టెయ్యమంటాడని చేశాను. ఒప్పుకుంటాను, అందుకే చేశాను.

"నీకు తెలీదా?" అన్నాడు. "నీకోసమేనే వదిలింది. మెదడువాపు జ్వరం వచ్చి నువ్వు పడి ఉన్నప్పుడు, ఆస్పత్రి వరండాలో మొక్కుకుంది. పిల్ల దక్కితే కాశీకెళ్ళి నాకిష్టమైన పండు వదిలేస్తాను, జన్మలో ముట్టనని. నేను పక్కనే నించుని ఉన్నా."

అన్నయ్య ఆగలేదు.

"ఆవిడ మతిలేక అడుగుతోంది. మతి ఉన్నదానివి నువ్వెట్లా పెడతావే?"

అత్తయ్య ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊళ్ళో వాళ్ళ మంచీ చెడ్డా విని, ఒక్క ముక్క ఇంట్లో చెప్పని మనిషి. ఇది మాత్రం నాకెందుకు చెప్తుంది.

లెక్కలు చెప్పుకు బతికేదాన్ని. మొక్కులు నమ్మను. అయినా భయపడ్డాను — ఆవిడ కోసం కాదు, నాకోసం. మొక్కు తప్పితే నాకేమవుతుందోనని. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

నేనెవరి మాట వినాలి? అప్పుడు మొక్కుకున్న అత్తయ్యదా, ఇప్పుడు ఆకలేసి అడుగుతున్న అత్తయ్యదా?

మే 16, మధ్యాహ్నం

పెట్టాను.

పొద్దున్నే వెళ్ళి డజను పళ్ళు తెచ్చాను. ఒకటి తీసి రెండు చేతుల మధ్య మెత్తగా పిసికాను, ముచ్చిక తీసి మొదటి సొన పిండేశాను, ఆవిడ నేర్పినట్టే. ముక్కు దగ్గర పెట్టాను. చాలాసేపు వాసన చూసింది. నోరు తెరిచింది. చప్పరించింది. గొంతు కదిలింది. మింగింది. మళ్ళీ... మళ్ళీ. సగం పండు. గడ్డం మీద రసం కారుతుంటే కళ్ళు మూసుకుంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను.

అప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూసింది. చెయ్యి వెనక్కి తిప్పి నా నుదుటి మీద పెట్టింది.

కరెంటు పోయి గంట దాటింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నా ఒళ్ళంతా కాలిపోతోంది.

చెయ్యి తియ్యలేదు. మెడ దగ్గర పెట్టి చూసింది. మళ్ళీ నుదురు. నోట్లో ఉన్నది నా అరచేతిలోకి ఉమ్మేసింది. "వద్దు... వద్దే తల్లీ."

"జ్వరం కాదత్తయ్యా. ఎండ. కరెంటు లేదు, అందుకని."

పెదాలు బిగించేసింది.

మతి లేకపోవడమా. ఆ మొక్కు ఒక్క రోజు కూడా మర్చిపోలేదు ఆవిడ. గుర్తుండే అడిగిందా? ఆకలికి తట్టుకోలేక అడిగిందా? అడిగితే చెప్పదు.

ఇది జరిగి రెండు గంటలైంది. మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. కళ్ళు నా మీదే. రేపు పదింటికి డాక్టరు వస్తారు.

కింద సోడా కొట్లో ఐసు అడిగి తెచ్చుకున్నాను. గుడ్డలో చుట్టి నుదుటికి అదుముకుని, వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నీళ్ళు కారి పేజీ తడుస్తోంది. చల్లబడగానే వెళ్ళి ఆవిడ చెయ్యి తీసి పెట్టుకుంటాను. చూడు, తగ్గిపోయింది, తిను అంటాను.

ఇప్పుడే ముట్టుకుని చూసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.